పాలముద్ద

పురుడు కడిగిన రోజు పొద్దున్నే కర్రోణ్ణి ఇంట్లోంచి వెళ్లగొట్టాలని జగ్గమ్మ తేల్చేసింది. కర్రోడంటే మనిషి కాదు, కుక్క. నల్లగా ఉంటాడు కాబట్టి కర్రోడు. ఆ ఇంట్లో కుక్కైనా మనిషైనా ఉండాలా పోవాలా అన్నది జగ్గమ్మే తేలుస్తుంది. మొగుడు జగన్నాధం, కొడుకు నరేష్, కోడలు యమున, ఈ ముగ్గురూ తలూపడానికి ఉన్నారు.

తప్పు కర్రోడిది కాదు, ఆనవాయితీది. పొందూరు చుట్టుపక్కల ఇంకెవరింటా లేదు గానీ ఈ ఇంట్లో ఉంది. పురిటి స్నానం అయ్యాక, బిడ్డని మొదటిసారి వాకిట్లోకి తెచ్చే ముందు, తల్లి గుప్పెడు అన్నంలో తన పాలు నాలుగు చుక్కలు పిండి, ముద్ద చేసి, ఇంటి కుక్కలకి తన చేత్తో పెట్టాలి. పాలముద్ద అంటారు. తిన్న కుక్క బిడ్డని ఎరిగిన కుక్క. తినని కుక్క ఎప్పటికైనా బిడ్డ మీద పడుతుంది, దాన్ని ఉంచకూడదు. నరేష్ పుట్టినప్పుడూ అంతే, జగన్నాధం పుట్టినప్పుడూ అంతే. ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగితే జగ్గమ్మకి ఒళ్లు మండుతుంది.

యమునకి కుక్కలంటే హడలు. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ అవి పెరట్లో ఉంటే తను వాకిట్లో, అవి వాకిట్లో ఉంటే తను పెరట్లో. తల్లి లేని పిల్ల, ఎచ్చెర్లలో మేనమామ ఇంట పెరిగింది. అందుకని పురుడు అత్తారింటివాళ్లే పోశారు. ఆ సంగతి జగ్గమ్మ వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది, చెప్పినప్పుడల్లా యమున తల దించుకుంది.

చెవుల్లో దూది పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని, గడపకి ఇవతల పీట మీద కూర్చుని యమున చెయ్యి చాపింది. నడుం మాత్రం వెనక్కి వాల్చేసింది. ముందు బిస్కట్ వచ్చింది. అది రెండో కుక్క, నరేష్ పెట్టిన పేరు. ఎవరు ఏది పెట్టినా తింటుంది, పెట్టకపోయినా వెతుక్కుని తింటుంది. ముద్ద మింగేసి, యమున చేతిని మణికట్టు దాకా నాకేసింది. తరవాత కర్రోడు నిదానంగా వచ్చాడు. ముద్దని వాసన చూశాడు. యమున మొహంలోకి చూశాడు. తల పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు. మళ్లీ పెట్టింది, ఊఁహూఁ. ముక్కు దగ్గరికే పెట్టింది, లేచి వెనక్కి పోయాడు. నోట్లోంచి చొంగ కారుతోంది, అయినా తినలేదు.

చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యమునకి తల కొట్టేసినట్టయింది. కన్నతల్లి పాలు కుక్క కూడా ముట్టలేదని రేపు బోరింగు దగ్గర చెప్పుకుంటారు, చెప్పుకోకుండా ఎందుకు ఉంటారు.

అంతలో పొలం నుంచి జగన్నాధం వచ్చాడు. కాళ్లయినా కడుక్కోకుండా సంగతి విన్నాడు. కోడలి చేతిలోని ముద్ద తీసుకుని తన అరచేతిలో పెట్టి చూపించాడు. కర్రోడు ఒక్క గుటకలో మింగి, ఇంకా ఉందా అన్నట్టు తోక ఊపాడు.

“నా సేత్తో పెడితేనే తింతాది. నానలాగ పెంచినాను,” అన్నాడు జగన్నాధం.

“బిడ్డని నువ్వు కన్నావేటి?” అంది జగ్గమ్మ.

ఆడవాళ్లు నవ్వారు. జగన్నాధం శాలలోకి పోయి ఆవుకి గడ్డి వేసుకున్నాడు. నరేష్ మాత్రం నవ్వలేదు. అతను ఎచ్చెర్ల దగ్గర కంపెనీలో సూపర్వైజరు. బిడ్డ పుట్టిన దగ్గర్నుంచీ సెల్లులో అదే పని, పసిపిల్లల్ని కుక్కలకి ఎలా అలవాటు చెయ్యాలో వీడియోలు చూడ్డం. అవి చూస్తుంటే ఎక్కడో ఊళ్లో కుక్కలు పసిబిడ్డని ఏం చేశాయో అవీ వచ్చాయి, అవీ చూశాడు. ఆసుపత్రి నుంచి పాప టోపీ తెచ్చి కుక్కలకి వాసన చూపించాడు కూడా. బిస్కట్ దాన్ని చింపి పోగులు పెట్టింది. కర్రోడు వాసన చూసి వదిలేశాడు. ఆ రోజు నరేష్ నవ్వాడు. ఇవాళ కర్రోడి వంక చూస్తూ పాపని గుండెలకి హత్తుకుని లోపలికి తీసుకుపోయాడు.

మర్నాడే పంపించేశారు. పక్కింటి గంగరాజు ట్రాలీ ఆటో తెచ్చాడు. నరేషూ అతనూ కలిసి కర్రోడి మీద గోనె కప్పి, కాళ్లు కట్టి, శ్రీకాకుళం దాటించి నాగావళి అవతల వదిలేసి వచ్చారు. కట్లు విప్పగానే అది కరుస్తుందని భయపడ్డారట, కరవలేదు, ఆటో వెనకాలే పరిగెత్తిందట. ఎంత దూరం పరిగెత్తిందో గంగరాజు నవ్వుతూ చెప్పాడు. జగన్నాధం ఆ రోజు పొలం నుంచి పొద్దుపోయాక వచ్చాడు, అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

కర్రోడు తిరిగొచ్చేశాడు. ఓ పొద్దున యమున తలుపు తీసేసరికి వాకిట్లో తన చోట్లో పడుకుని ఉన్నాడు. అరికాళ్లు చీరుకుపోయి రక్తం కట్టాయి. చెవి ఒకటి ఎవరి కుక్కలో కొరికేశాయి. డొక్క లోపలికి పోయింది. పక్కన బిస్కట్ సత్తు పళ్లెంలో, దానికి కూడా ఎక్కువై, గంజి అన్నం మిగిలి ఉంది, దాన్ని ముట్టలేదు. జగన్నాధం లేచి వచ్చి పెట్టేదాకా ఆకలితో అలాగే పడుకున్నాడు.

అది చూసి యమున గడప మీదే కూర్చుండిపోయింది. మేనమామ ఇంట్లో ఎవరి చేతి కూడు తినాలి, ఎప్పుడు తినాలి, ఎంత తినాలి అని మొహాలు చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. లోపల పాప ఏడిచింది. కర్రోడు తల ఎత్తి తలుపు వైపు చూసి, కుంటుకుంటూ లేచి నిలబడ్డాడు. పాప ఏడుపు మానేదాకా నిలబడే ఉన్నాడు. బిస్కట్‌కి మెలకువే రాలేదు.

ఆ సాయంత్రం జగన్నాధం అరుగు మీద మొక్కజొన్న పొత్తులు ఒలుస్తుంటే, జగ్గమ్మ ఎదురుగా నిలబడి చెప్పింది. వదిలేసినా వచ్చేసింది కాబట్టి ఇంక దారి ఒకటే ఉంది, చేలోకి తెచ్చిన గుళికల మందు ఇంకా మిగిలే ఉంది, ఇంకెవరు పెట్టినా అది ఎలాగూ తినదు, నువ్వే అన్నంలో కలిపి పెట్టు అంది. కూర ఏం వండమంటావు అని అడిగినంత మామూలుగా అంది.

జగన్నాధం చేతిలో పొత్తు పూర్తిగా ఒలిచి గింజలు బరకం మీద పోశాడు. బెండు పక్కన పడేశాడు.

“ఈ సెయ్యి నరికీసి అట్టుకెల్లి పెట్టుకోండి,” అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో జగ్గమ్మ మాటకి ఆయన ఎదురు చెప్పడం అదే మొదలు. ఆమెకి ఏం చెయ్యాలో తోచక తిట్టడం మొదలెట్టింది. తిట్లు కుక్క నుంచి మొగుడికి, మొగుడి నుంచి ఆయన అక్కలకి, అక్కడి నుంచి తల్లి లేని కోడలికి వచ్చాయి. అప్పుడు యమున గుమ్మంలోంచి అడిగింది. ఇంకోసారి పెట్టి చూస్తానంది. శుక్రవారం దాకా గడువు ఇమ్మంది. తన చేత్తో తింటే ఉంచాలి, తినకపోతే అత్త ఇష్టం.

“తింటే నాకేటి పగా? ఉంటాది,” అంది జగ్గమ్మ. అబద్ధమాడలేదు. ఆనవాయితీ తీరితే ఆమెకి చాలు, ఆ విషయంలో ఆవిడ చాలా నిక్కచ్చి మనిషి.

నరేష్ కూడా వెంటనే ఒప్పుకున్నాడు. నాన్నకి ఎలాగూ చెయ్యి రాదు, నీ చేత్తో తింటే మంచిదే కదా అన్నాడు. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ కోడి మెడకాయలు కూడా తెచ్చి ఇచ్చాడు, వీటితో ప్రయత్నించు అని. తన భయం పక్కన పెట్టి ఇంత చేస్తున్నాడే అని యమునకి మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

జగన్నాధానికి మొదట ఇష్టం లేదు. శాలలో కూర్చుని ఎందుకు ఇష్టం లేదో చెప్పాడు. దీనికి ముందు ఇంకో కుక్క ఉండేదట. బోరు మోటారు వైర్లు కోసుకుపోడానికి వచ్చినవాళ్లు మాంసంలో మందు పెట్టి దాన్ని చంపేశారు. అందుకే కర్రోణ్ణి పిల్లప్పుడే పట్టుకుని నేర్పాడు. గంగరాజు చేత ముక్క చూపించేవాడు, నోరు చాపగానే బెత్తంతో ముక్కు మీద కొట్టేవాడు. జగ్గమ్మ చేత చూపించేవాడు, కొట్టేవాడు. నరేష్ చేత, వీధిలో పోయేవాళ్ల చేత. ముక్కు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఊళ్లో ఎన్ని కుక్కలు పోయినా కర్రోడు పోలేదు. ఇప్పుడు అదే వాడి మెడకి చుట్టుకుంది.

“తినకపోతే సంపీస్తారు మావా,” అంది యమున.

ఆయన ఆవు మెడ కింద గోకాడు. తరవాత మెడకాయ ముక్క తన చేతిలోకి తీసుకున్నాడు. నీ చెయ్యి నా చేతి కింద పెట్టమ్మా అన్నాడు.

అలా మొదలైంది. కింద యమున అరచెయ్యి, పైన ఆయన అరచెయ్యి, దాని మీద ముక్క. కర్రోడు వచ్చి ముక్క తిన్నాడు. ఆ నోరు అంత దగ్గరికి వచ్చేసరికి యమున కళ్లు మూసేసుకుంది, ఊపిరి వేడిగా వేళ్లకి తగిలింది. పొద్దుట ఒకసారి, పాపకి నీళ్లు పోసి పడుకోబెట్టాక ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన రోజుకింత చెయ్యి వెనక్కి తీస్తూ వచ్చాడు. ముందు అరచెయ్యి అంతా ఉండేది, తరవాత నాలుగు వేళ్లు, తరవాత చూపుడు వేలి కొస. బెత్తం పట్టుకుని నేర్పిన మనిషి ఇప్పుడు గడ్డం పట్టుకుని బతిమాలి మరిపించాడు. వేలు కూడా తీసేసిన రోజున కర్రోడు ముక్కని చూసి ముక్కు ముడుచుకుని నేల మీదకి వాలిపోయాడు, దెబ్బ పడుతుందేమోనని. జగన్నాధం కళ్లు తుడుచుకుని బయటికి పోయాడు. యమున ఒక్కతే మిగిలింది. చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. ఏం మాట్లాడాలో తెలీక పాపతో మాట్లాడే మాటలే మాట్లాడింది. చివరికి కర్రోడు పొట్ట నేలకి రాసుకుంటూ వచ్చి, ఆమె మొహంలోకి చూస్తూ, ముక్క అందుకుని తినేశాడు. ఖాళీ చేతిని ఒకసారి నాకాడు. యమున నవ్వింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. పచ్చి బాలింత, ఊరికే ఏడుపొస్తుంది.

ఆ సాయంత్రం నరేష్ చొక్కా విప్పుకుంటుండగానే చెప్పేసింది. ఆగలేకపోయింది.

“నాన్న లేకండానా?” అన్నాడు నరేష్. “ఉత్త నీ సేత్తోనేనా?”

అవునంది. అతను మళ్లీ అడిగాడు. మళ్లీ అవునంది గొప్పగా. అతను ఆమె బుగ్గ మీద చెయ్యి వేసి, అమ్మకి ఇప్పుడే చెప్పకు, శుక్రవారం చూపిద్దాం అన్నాడు.

శుక్రవారం అతను సెలవు పెట్టాడు. తెల్లారకుండానే లేచి పెరట్లో గొయ్యి తవ్వాడు, అరటి పిలక వెయ్యాలని. పొందూరు పోయి మేక కార్జం తెచ్చాడు. తండ్రిని గోనె సంచులకని గంగరాజు ఆటోలో పంపించాడు. బిస్కట్ వచ్చి లాగేసుకుంటుందని దాన్ని శాల వెనక కట్టేశాడు. అంతా అయ్యాక పొయ్యి తనే వెలిగించి, కార్జం తనే వండి, అన్నంలో కలిపి తెచ్చి ఇచ్చాడు. పొయ్యి దగ్గరికి ఏనాడూ రాని మనిషి. పాలు పిండుకోవడానికి యమున అటు తిరిగితే మర్యాదగా బయటికి కూడా వెళ్లాడు. ఆమె నాలుగు చుక్కలు పిండి ముద్ద కట్టింది. మసాలా ఘాటుగా ఉంది, ఇంత మసాలా ఎందుకు వేశావు బావా అంటే, మొదటిసారి కదా, కుదర్లేదు అన్నాడు.

పాపని జగ్గమ్మ ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. యమున వాకిట్లోకి దిగి, పీట అక్కర్లేకుండా మట్టిలోనే గొంతుకు కూర్చుని చెయ్యి చాపింది. ఈసారి వెనక్కి వాలలేదు. కర్రోడు వచ్చాడు. ముద్ద వాసన చూశాడు. జగన్నాధం కోసం శాల వైపు చూశాడు, ఆయన లేడు. యమున మొహంలోకి చూశాడు. ఆమె పాపతో మాట్లాడే మాటలే మాట్లాడింది. తిన్నాడు. కొంచెం కొంచెంగా, మర్యాదగా, అంతా తిన్నాడు.

“సూడత్తా, తిన్నాది,” అంది యమున.

జగ్గమ్మ మొహం విప్పారింది. పాప కాళ్లని కుక్క వైపు తిప్పి చూపించి, ఇదిగో ఈవిడే మీ అమ్మగారు, ఇక నుంచి కాపలా కాయాలి అని కర్రోడితో మాట కూడా చెప్పింది. నిజంగానే చెప్పింది, ఆవిడకి ఏమీ తెలీదు.

కాసేపటికి కర్రోడు దగ్గాడు. లేచి రెండడుగులు వేసి, వెనక కాళ్లు మడతపడి కూలబడ్డాడు. నోట్లోంచి నురగ వచ్చింది. నీళ్ల కోసమో, ఎందుకో, ఎవరి దగ్గరికీ పోకుండా యమున దగ్గరికే పాక్కుంటూ వచ్చాడు. ఆమె చేతిలో మూతి పెట్టి కొట్టుకున్నాడు. యమున మొగుడి వైపు చూసింది. నరేష్ అప్పటికే పార పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరటి పిలక ఎక్కడా కనపడలేదు.

“పాప కోసమే,” అన్నాడు. “రేప్పొద్దున్న ఏదేనా అయితే నువ్వూ నన్నే అంటావు.”

కర్రోడు అయిపోవడానికి చాలాసేపు పట్టింది. శాల వెనక బిస్కట్ మొరుగుతూనే ఉంది. పాప ఆకలికి ఏడవడం మొదలెట్టింది, యమునకి జాకెట్టు తడిసిపోయింది. లేచి పాప కోసం చేతులు చాపింది. జగ్గమ్మ ఒక్క అంగలో వెనక్కి జరిగింది. ఆ చేత్తో పిల్లని ముట్టకు అని అరిచింది. నరేష్ పార పడేసి పరిగెత్తి సబ్బు తెచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, తనే శ్రద్ధగా రుద్ది రుద్ది కడిగాడు. మగ్గుతో నీళ్లు పోశాడు. అంత బాగా ఎప్పుడూ ఎవరూ ఆమె చెయ్యి కడగలేదు.

పోన్లే, చావాలని ఉంది చచ్చింది, తల్లి చేత్తో తిన్నాక చచ్చింది కాబట్టి ఆనవాయితీకి లోటు లేదు, అని జగ్గమ్మ కొడుకుతో అంది. పొయ్యి మీద పప్పు మాడుతోందని లోపలికి పోయింది.

జగన్నాధం సంచులతో వచ్చేసరికి గొయ్యి పూడ్చేశారు. వాకిట్లో నురగ మీద పేడనీళ్లు చల్లారు. ఆయన అరుగు మీద కూర్చుని, యమున పాపకి పాలిచ్చి ముగించేదాకా ఆగాడు.

“ఎవుల సేత్తో తిన్నాదమ్మా?” అని అడిగాడు.

“నా సేత్తోనే మావా.”

“బెదిరిందా?”

“లేదు. బాగానే తిన్నాది.”

ఆయన తల ఊపాడు. సంచులు లెక్క చూడకుండానే లోపల పడేసి, పొద్దు వాలేదాకా మొక్కజొన్న ఒలిచాడు. కొడుకుని ఒక్క మాట అనలేదు. యమున కూడా అనలేదు. అంటే ఏమవుతుంది, పాప కోసమే అంటాడు.

మర్నాడు పొద్దున్న నరేష్ డ్యూటీకి తయారై వాకిట్లో బండి తుడుచుకుంటున్నాడు. జగ్గమ్మ చుట్టూ బిస్కట్ తిరుగుతోంది. ఇదైతే మంచి కుక్క, ఎవరు పెట్టినా తింటుంది, ఎవర్నీ ఏమీ అనదు అని ఆమె మురిసిపోతోంది. యమున పాపని ఉయ్యాల్లో పడుకోబెట్టి వంటింట్లోకి వెళ్లింది. రాత్రి మిగిలిన చేప ముక్క తీసుకుంది. శాలలోకి వెళ్లి దూలానికి దోపిన బెత్తం దించి, తెచ్చి మామగారి చేతికి ఇచ్చింది.

జగన్నాధం బెత్తం వంకా, కోడలి వంకా చూశాడు. నా వల్ల కాదమ్మా, ఇంక ఎవర్నీ కొట్టలేను అన్నాడు.

“ముక్క నాను సూపిస్తాను,” అంది యమున. “నా సేతిలో తినబోతే కొట్టు మావా. గట్టిగా కొట్టు.”

ఆమె మట్టిలో గొంతుకు కూర్చుని అరచెయ్యి చాపింది. బిస్కట్ తోక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చింది. నోరు తెరిచింది. బెత్తం ముక్కు మీద పడింది. కుక్క కుయ్యోమని అరిచి, ఏం తప్పు చేశానో తెలీక యమున మొహంలోకి చూసింది. యమున చెయ్యి తియ్యలేదు. రా అమ్మా, తిను అని పిలిచింది, పాపతో మాట్లాడే గొంతుతోనే. అది మళ్లీ వచ్చింది. బెత్తం మళ్లీ పడింది. ఇదేటి పిచ్చి పని అని జగ్గమ్మ కేకలేసింది. నరేష్ చేతిలో గుడ్డతో బండి పక్కనే నిలబడిపోయాడు.

“మా బావ సేత కూడా సూపించాలి మావా,” అంది యమున, మొగుడి వైపు చూడకుండా. “మొత్తం ఇంట్లో అందరి సేతా.”